ముక్కూ మొహం తెలియని వాళ్ల బాధకు మనం బాధపడాలా?

నిదానం
‘అయ్యో పాపం అంటే ఆర్నెల్ల పాపం చుట్టుకుంది’ అని మనకో సామెత ఉంది. పరాయివాళ్ల కష్టం దగ్గర మనిషి ఎందుకు వెనకాడతాడో మొత్తం అందులోనే ఉంది. మరోపక్క, కళ్లెదుట ఒకరు విలవిల్లాడుతుంటే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నవాణ్ణి మనం మనిషిగా లెక్కకట్టం. ఈ రెంటి మధ్య ఎక్కడ నిలబడాలి? అతను చుట్టం కాదు, స్నేహితుడు కాదు, మళ్లీ కనబడడు. అతని బాధ మనమూ పడాలా, లేక చేయగలిగింది చేసి తప్పుకుంటే చాలా? దీని మీద చదివినవాళ్లు, ఈ పనిలోనే ఉన్నవాళ్లు ఇక్కడ ఉన్నారు. అభిప్రాయంతో పాటు ఆధారం కూడా చెప్పండి.

పాతపుస్తకం
ముందు మాటలు తేల్చుకుందాం. లేకపోతే ఒకరు జాలి గురించి, ఇంకొకరు కరుణ గురించి మాట్లాడుతూ పొద్దుపుచ్చుతాం. జాలిలో కాస్త ఎత్తు ఉంటుంది, పైనున్నవాడు కిందికి చూస్తాడు. సానుభూతి వాడి వాడి అరిగిపోయి పరామర్శ మాటగా మిగిలింది. అందుకే ఎదుటివాడి అనుభవం మనలో పలకడాన్ని ఇప్పుడు సహానుభూతి అంటున్నారు. కరుణలో ఆ బాధ తీరాలన్న కోరిక కూడా కలిసి ఉంటుంది.

ఇంగ్లీషులో ఎంపతీ అన్న మాట పెద్ద పాతదేం కాదు. 1873లో రాబర్ట్ విషర్ అనే జర్మన్ పండితుడు ‘ఐన్‌ఫ్యూలుంగ్’ అన్నది మనుషుల గురించి కాదు, ఒక శిల్పాన్నో చిత్రాన్నో చూస్తూ మనం అందులో ఎలా లీనమవుతామో చెప్పడానికి. దాన్ని మనుషుల దాకా తెచ్చినవాడు థియొడోర్ లిప్స్. 1909లో ఎడ్వర్డ్ టిచెనర్ దానికి ఎంపతీ అని ఇంగ్లీషు పేరు పెట్టాడు.

మాట కొత్తదైనా ప్రశ్న పాతదే. పద్దెనిమిదో శతాబ్దంలోనే ఆర్థికవేత్త, తత్వవేత్త ఆడమ్ స్మిత్ ఇలా ఊహించమన్నాడు: చైనా అంతా భూకంపంలో మునిగిపోయిందని యూరప్‌లో ఒక మంచి మనిషి వింటాడు. నొచ్చుకుంటాడు, నాలుగు మంచి మాటలు అంటాడు, రాత్రికి హాయిగా నిద్రపోతాడు. అదే రేపు తన చిటికెన వేలు పోతుందని తెలిస్తే కంటిమీద కునుకు రాదు. స్మిత్ అక్కడితో ఆగలేదు. ఆ వేలు దక్కించుకోవడానికి అంతమంది ప్రాణాలు ఇచ్చేస్తావా అంటే అదే మనిషి హడలిపోతాడు. అతని అనుభూతి అంత చిన్నది కదా, మరి ఆపుతున్నదేమిటి? వివేకం, అంతరాత్మ అని స్మిత్ జవాబు. మనం మాట్లాడుకోవాల్సిన ముడి అక్కడే ఉందని నా నమ్మకం.

వీధిదీపం
పాతపుస్తకం గారు చెప్పిన మాటల తేడా ప్రయోగాల్లో కూడా దొరుకుతుంది. బాధ చూసినప్పుడు మనలో పుట్టేది ఒక్కటి కాదు. మార్క్ డేవిస్ 1980లో తయారుచేసిన ప్రశ్నావళి ఇప్పటికీ వాడుకలో ఉంది. 28 వాక్యాలు, నాలుగు భాగాలు, భాగానికి ఏడేసి. అందులో ఎదుటివారి కోసం ఆరాటపడటం ఒక భాగమైతే, చూసి మనమే తల్లడిల్లిపోవడం వేరే భాగం. పైకి రెండూ ఒకేలా ఉంటాయి, రెంటిలోనూ కళ్లు చెమరుస్తాయి.

తేడా ఎక్కడ బయటపడుతుందో డేనియల్ బాట్సన్ బృందం 1981లో చూపించింది. ఎలైన్ అనే అమ్మాయికి కరెంటు షాకులు ఇస్తున్నారని పాల్గొన్నవాళ్లకు తెరమీద చూపించారు. నిజానికి అది నటన, ముందే తీసిపెట్టిన దృశ్యం. మొత్తం పది విడతలు. రెండు అయ్యాక, ఆమె బదులు మీరు షాకులు తీసుకుంటారా అని అడిగారు. కొందరికి రెండు విడతలు చూస్తే చాలు, వెళ్లిపోవచ్చన్నారు. మిగతావాళ్లను పదీ చూసి తీరాలన్నారు. తల్లడిల్లిపోయినవాళ్లలో తలుపు తెరిచి ఉన్నప్పుడు చాలామంది వెళ్లిపోయారు. ఆమె కోసం ఆరాటపడ్డవాళ్లు మాత్రం తలుపు తెరిచి ఉన్నా సాయానికి నిలబడ్డారు.

అందుకని ‘నేను చూడలేను బాబోయ్’ అని మొహం తిప్పుకునే మనిషి గుండె రాయి కాదు. అతని గుండె నిండా తన బాధే ఉంది, అంతే. ఆ బాధ తగ్గించుకోవడానికి సాయం చేయడం ఒక దారి, పారిపోవడం ఇంకో దారి. రెండోది సులువు.

మూడో అడుగు
నేను అటువైపు నుంచి వాదిస్తాను. తెలియనివాళ్ల విషయంలో అనుభూతిని నమ్ముకోవడం ప్రమాదం. అది సెర్చిలైటు లాంటిది. పడిన చోట పట్టపగలు, పక్కనే చిమ్మచీకటి.

డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ 2007లో ప్రచురించిన ప్రయోగం చూడండి. పాల్గొన్నందుకు ఇచ్చిన ఐదు డాలర్లలోంచి విరాళం అడిగారు. ఒక గుంపుకి మాలీ దేశంలోని రోకియా అనే ఏడేళ్ల పాప ఫోటో చూపించారు. సగటున 2.38 డాలర్లు వచ్చాయి. ఇంకో గుంపుకి ఆఫ్రికాలో ఆకలితో ఉన్న లక్షల మంది లెక్కలు ఇచ్చారు. 1.14 వచ్చాయి. మూడో గుంపుకి పాపనీ లెక్కలనీ కలిపి ఇస్తే 1.43. లెక్కలు చేర్చేసరికి పాపకు వచ్చేది కూడా పడిపోయింది.

అంతకంటే నన్ను కలవరపెట్టేది 1995 నాటి బాట్సన్ ప్రయోగం. షెరీ అనే పదేళ్ల పాపకు ప్రాణాంతకమైన జబ్బు, వైద్యసాయం కోసం వరుసలో ఉంది. ఆమెను ముందుకు జరపవచ్చు, కానీ ఆమెకంటే ఎక్కువ అవసరం ఉన్న పిల్లలు వెనక్కి పోతారు. నిష్పక్షపాతంగా ఆలోచించమన్నవాళ్లలో 33 శాతం జరిపారు. ఆమె మనసులో ఏముందో ఊహించుకోమన్నవాళ్లలో 73 శాతం జరిపారు. వెనక్కి పోయిన పిల్లలకు ఫోటో లేదు, పేరు లేదు. వాళ్లకు జరిగిన అన్యాయం కరుణ పేరుతోనే జరిగింది.

ఇక మనవాళ్లు, పరాయివాళ్లు అన్న తేడా సంగతి. 2010లో గ్రిట్ హైన్, టానియా సింగర్ బృందం జ్యూరిక్‌లో ఫుట్‌బాల్ అభిమానుల మెదళ్లు స్కాన్ చేసింది. సొంత జట్టు అభిమాని నొప్పి పడుతుంటే ఇన్సులా అనే భాగం గట్టిగా స్పందించింది, ఎదుటి జట్టువాడైతే తక్కువ. మన జట్టువాడు కాకపోతేనే ఇంత తేడా వస్తే, భాషా మతమూ వేరైన దూరపు మనిషి మాటేమిటి?

చిరుదివ్వె
మూడో అడుగు గారూ, అంకెలు సరిగ్గానే చెప్పారు, తీర్పు దగ్గరే నాకు పేచీ. మీరు చెప్పిన 2007 పత్రంలోనే చివరి ప్రయోగం ఇంకొకటి ఉంది. విరాళం అడిగే ముందు కొందరి చేత చిన్న లెక్కలు చేయించారు, బుర్ర లెక్కల్లోకి దిగాలని. వాళ్లు పాపకు ఇచ్చేది తగ్గించారు. మరి అంకెల రూపంలో ఉన్న లక్షల మందికి ఇచ్చేది పెరిగిందా? పెరగలేదు. లెక్క న్యాయం చేయలేదు, ఉన్న కాస్త వెచ్చదనాన్ని చల్లార్చింది.

జ్యూరిక్ ప్రయోగంలోనూ అంతే. నొప్పిలో సగం నేను తీసుకుంటాను అనే వీలు వాళ్లకు ఇచ్చారు. ఇన్సులా స్పందన ఎక్కువున్నవాళ్లే ఆ సగం తీసుకోవడానికి ముందుకొచ్చారు. పడినచోటే వెలుగిచ్చే దీపం అని మీరన్నారు, నిజమే. దాన్ని ఆర్పేస్తే రెండువైపులా చీకటే కదండీ.

పాతపుస్తకం
చట్టాలు కూడా ఇక్కడ ఒక సంగతి చెబుతాయి. జర్మనీ శిక్షాస్మృతిలో 323సి సెక్షన్ ఉంది. ప్రమాదంలో ఉన్నవాడికి, తన ప్రాణానికి ముప్పు లేకుండా చేయగలిగిన సాయం చేయకపోతే ఏడాది దాకా జైలు. ఫ్రాన్స్‌లో 223-6 కింద ఐదేళ్ల దాకా జైలు, 75,000 యూరోల జరిమానా. రెండు చోట్లా చట్టం అడిగేది పనినే. నీకేం అనిపించింది అని ఎక్కడా అడగదు. అనుభూతిని ఆజ్ఞాపించడం కుదరదు మరి.

నిదానం
ఈ మాట నాకు బాగా పట్టింది. కానీ రోజూ పదిమంది బాధ చూడాల్సినవాళ్ల సంగతేమిటి? ఆస్పత్రుల్లో, సహాయ శిబిరాల్లో ప్రతిసారీ గుండె ఇస్తూ పోతే మిగిలేదేముంది?

నైట్‌డ్యూటీ
నర్సుల శిక్షణలో మొదట చెప్పేది ఇదే, చివరి దాకా మర్చిపోయేదీ ఇదే. ‘కంపాషన్ ఫెటీగ్’ అన్న మాటను 1992లో కార్లా జాయిన్సన్ నర్సుల గురించే వాడింది. కరుణ అరిగిపోయింది అంటాం గానీ, అరిగిపోయేది కరుణ కాదని ఇప్పుడు చాలామంది పరిశోధకుల మాట. ఓల్గా క్లిమెకీ, టానియా సింగర్ 2014లో ఒకే మనుషులకు రెండు శిక్షణలు ఇచ్చారు. మొదట ఎదుటివాడి బాధను తనలోకి తెచ్చుకోవడం, తర్వాత అతని మేలు కోరుతూ మనసు నిలపడం. మొదటి శిక్షణ తర్వాత బాధాకరమైన దృశ్యాలు చూస్తే దిగులు పెరిగింది, మెదడులో నొప్పికి సంబంధించిన చోట్లు వెలిగాయి. రెండో శిక్షణ తర్వాత దిగులు మామూలు స్థాయికి దిగింది, ఆప్యాయతకు సంబంధించిన చోట్లు వెలిగాయి. దృశ్యాల్లోని బాధ మాత్రం రెండుసార్లూ అంతే.

ఆచరణలో ఇది ఇలా ఉంటుంది. కాలిన గాయాలకు కట్టు మారుస్తున్నారనుకోండి. రోగి అరుస్తోంది. మీ భుజాలు బిగుసుకుంటాయి, ఊపిరి ఆగుతుంది, చేతులు తొందరపడతాయి. తొందరపడ్డ చెయ్యి అంటుకున్న గాజుగుడ్డను లాగేస్తుంది, నొప్పి రెట్టింపవుతుంది. అంటే మీ తల్లడింపు వెళ్లి ఆమె ఒంటి మీద పడుతోంది. అప్పుడు చేయాల్సింది: చెయ్యి ఆపండి. రెండు పాదాలూ నేలకు ఆనించి ఒక్క ఊపిరి పొడవుగా వదలండి. గుడ్డ మీద సెలైన్ పోసి నానేదాకా ఆగండి. ‘నొప్పి ఆమెది, పని నాది’ అని మనసులో అనుకోండి. ఆమెతో పైకి, ‘ఇంకో రెండు పొరలు ఉన్నాయి, ఆపమంటే ఆపుతాను’ అని చెప్పండి. ఆపమన్నప్పుడు నిజంగా ఆపండి.

ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్లేటప్పుడు చేతులు శుభ్రం చేసుకోవడం ఎలాగూ తప్పదు. ఆల్కహాల్ ద్రావణంతో 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్లతో 40 నుంచి 60. ఆ కాసేపూ వేళ్ల మధ్య తడి మీదే మనసు పెట్టండి. మొదటి మంచం దగ్గరి అరుపు రెండో మంచం దాకా మోసుకెళ్లకుండా ఉండటానికి డ్యూటీలో దొరికే వ్యవధి అంతే.

ప్రమాద సంకేతం ఏడుపు కాదు. రోగిని పేరుతో కాకుండా మంచం నంబరుతో పిలవడం మొదలైతే, చిన్న ప్రశ్నకు చిర్రెత్తితే, కొత్త రోగి వస్తున్నాడంటే ప్రాణం ఉసూరుమంటే అప్పుడు జాగ్రత్తపడాలి. అది తనకు తాను ఓర్చుకుంటే పోయేది కాదు. డ్యూటీ మార్పు, నిద్ర, పైవాళ్లతో మాట్లాడటం కావాలి.

వీధిదీపం
ఆస్పత్రి బయటికి వద్దాం. వీధిలో పడిపోయిన మనిషి చుట్టూ గుంపు ఎందుకు ఊరికే నిలబడుతుంది? అందరూ కఠినాత్ములని కాదు. జాన్ డార్లీ, బిబ్ లాటనే 1968లో చేసిన ప్రయోగంలో, ఇంటర్‌కమ్‌లో మాట్లాడుతున్న ఒకతనికి మూర్ఛ వచ్చినట్టు వినిపించింది. తానొక్కడినే వింటున్నాననుకున్నవాళ్లలో అతని మాటలు పూర్తిగా ఆగిపోయేలోపే 85 శాతం లేచి వెళ్లి చెప్పారు. ఇంకొకరు కూడా వింటున్నారనుకుంటే 62 శాతం. ఇంకో నలుగురు వింటున్నారనుకుంటే 31. కదలనివాళ్లు హాయిగా కూర్చోలేదు, చేతులు వణికాయి, అరచేతులు చెమటపట్టాయి. అనుభూతి ఉంది, అడుగు పడలేదు.

గుంపులో దీనికి మందు ఒక్కటే, బాధ్యతకు మొహం ఇవ్వడం. ‘ఎవరైనా అంబులెన్సుకి ఫోన్ చేయండి’ అంటే ఎవరూ చేయరు. ‘నీలం చొక్కా, మీరు ఫోన్ చేయండి, చేసి వచ్చి నాకు చెప్పండి’ అంటే ఆయన చేస్తాడు.

మూర్ఛ విషయమే వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. ముందు గడియారం చూడండి. దగ్గరున్న గట్టి వస్తువులు జరపండి, తల కింద మెత్తనిది పెట్టండి, మెడ దగ్గర బిగువు వదులు చేయండి. కాళ్లూ చేతులూ గట్టిగా పట్టుకోవద్దు, కీళ్లు దెబ్బతింటాయి. నోట్లో ఏదీ పెట్టొద్దు. నాలుక మింగేస్తారన్నది అపోహ, పెట్టిన వస్తువు వల్ల పళ్లు విరిగి గొంతుకు అడ్డం పడటం నిజం. కుదుపులు ఆగాక ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్లు కూడా ఇవ్వొద్దు. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోసారి వచ్చినా, దెబ్బ తగిలినా అంబులెన్సు పిలవాలి. తెలివి వచ్చేసరికి చుట్టూ వందమంది తొంగిచూస్తూ ఉంటే ఆ మనిషికి ఎలా ఉంటుందో ఆలోచించి, ముందే జనాన్ని జరపండి. నిజమైన సహానుభూతి అవసరమయ్యేది ఆ క్షణంలోనే.

మూడో అడుగు
ఇది నా వాదనకే బలం. ఇంకొకటి జోడిస్తాను. 1973లో డార్లీ, బాట్సన్ ప్రిన్స్‌టన్‌లో మతవిద్య చదివే 40 మందిని ఇంకో భవనానికి ప్రసంగం చేయడానికి పంపారు. దారిలో గుమ్మం దగ్గర ఒకడు మూలుగుతూ కూలబడి ఉన్నాడు. టైముందన్నవాళ్లలో 63 శాతం ఆగారు, కాస్త తొందరలో ఉన్నవాళ్లలో 45, ఆలస్యమైపోయిందన్నవాళ్లలో 10. కొందరు చెప్పబోయే ప్రసంగం దారిలో పడి ఉన్నవాడిని ఆదుకున్న మంచి సమరయుడి బైబిలు కథ మీదే. అయినా చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. దయ గురించిన బోధ కంటే చేతిలో ఉన్న పది నిమిషాలు ఎక్కువ పని చేశాయి. పరాయివాళ్లకు పనికిరావాలనుకునేవాడు ముందు బయలుదేరే వేళ మార్చుకోవాలి.

ఆలకింపు
వినేవాళ్లకు శిక్షణ ఇచ్చే పని మాది. మూడో అడుగు గారు చెప్పిన టైము సంగతితో పూర్తిగా ఏకీభవిస్తూ, ఇంకో లోపం చూపిస్తాను. ‘ఆమె స్థానంలో నన్ను ఊహించుకున్నాను, నాకు అర్థమైంది’ అనుకోవడం. తాల్ ఎయాల్, మేరీ స్టెఫెల్, నికొలస్ ఎప్లీ 2018లో 25 ప్రయోగాలు ప్రచురించారు. ఎదుటివాడి స్థానంలో ఊహించుకోవడం వల్ల అతని మనసు గురించిన అంచనా మెరుగుపడలేదు. అతన్నే అడిగినప్పుడు మెరుగుపడింది. ఊహించుకుంటే దొరికేది మన బాధే, ఆమె చీరలో మనం నిలబడి ఉంటాం, అంతే.

తెలియని మనిషి ఏడుస్తుంటే ఏం చేయాలన్నది చాలామంది అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 మార్గదర్శిలో మూడు మాటలున్నాయి: చూడు, విను, కలుపు. చూడటం అంటే మొదట చోటు క్షేమమా, దెబ్బలున్నాయా, తక్షణ అవసరం ఏమిటి. వినడం దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఎదురుగా నిలబడొద్దు, పక్కగా, ఆమె కళ్ల ఎత్తులో కూర్చోండి. ‘ఇక్కడ కూర్చోవచ్చా?’ అని అడగండి, వద్దంటే లేవండి. అడక్కుండా భుజం మీద చెయ్యి వేయొద్దు. ‘ఏం జరిగింది?’ అని తవ్వొద్దు, జరిగిందంతా చెప్పించడం మేలు చేయదు. ‘ఇప్పుడు ఏం కావాలి?’ చాలు. జవాబు రాకపోతే మనసులో పది లెక్కపెట్టండి. ఆ పది అంకెలు చాలా పొడుగ్గా ఉంటాయి, కొత్తవాళ్లు నాలుగు దగ్గరే ‘ధైర్యంగా ఉండండి’ అనేస్తారు. ఆ మాట ఏడుపు ఆపమన్నట్టు వినబడుతుంది. ‘అంతా మంచికే’, ‘మీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు ఎందరో’ అన్నవి పుండు మీద కారం.

చనిపోవాలనుందన్న సూచన మాటల్లో వస్తే నేరుగా అడగండి: ‘చనిపోవాలనిపిస్తోందా?’ అడగడం వల్ల కొత్తగా ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు.

కలపడం అంటే ఆమె మనుషులతో, లేదా సాయం చేయగల చోటుతో కలపడం. ‘ఎవరికి ఫోన్ చేయమంటారు?’ అని అడిగి, నంబరు నొక్కి ఫోన్ ఆమె చేతికే ఇవ్వండి. వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లండి, ‘ఇంకో పది నిమిషాలు ఉంటాను’ అని ముందే అనండి. నిదానం గారి సామెతలోని ఆర్నెల్ల భయానికి విరుగుడు ఈ హద్దే. హద్దు చెప్పనివాళ్లే మొదటి రోజు అన్నీ మాటిచ్చి రెండో రోజు ఫోన్ ఎత్తరు.

కొత్తమొలక
మరి ఫోన్ తెరిస్తే వరసగా వచ్చే దృశ్యాలు? యుద్ధం, వరద, శిథిలాలు. చూడకపోతే తప్పుచేసినట్టుంటుంది, చూస్తే ఏ పనీ కాదు.

వీధిదీపం
చూడటం వాళ్లకు చేసే సేవ కాదండీ. 2013లో బోస్టన్ మారథాన్ బాంబు పేలుళ్ల తర్వాత వారంలో, రోజుకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తలు చూసినవాళ్లలో తీవ్రమైన ఒత్తిడి లక్షణాలు, అక్కడ స్వయంగా ఉన్నవాళ్ల కంటే ఎక్కువ కనిపించాయని ఆలిసన్ హోల్మన్ బృందం 2014లో ప్రచురించింది. రోజులో ఒక వేళ పెట్టుకుని చదవండి, వీడియో కంటే రాత నయం. బాధితుల మొహాలు పంచొద్దు. రక్తంతో ఉన్న ఆ మొహం వాళ్ల పిల్లలకు ఎప్పటికైనా కనబడుతుంది.

విరాళం పిలుపు వస్తే ఫోటోని సెర్చ్ ఇంజిన్‌లో వేసి పాతదేమో చూడండి. డబ్బు వ్యక్తి ఖాతాకా, నమోదైన సంస్థకా అన్నది చూడండి. పాత బట్టలు మూటగట్టి పంపకండి. అక్కడ వాటిని వేరుచేయడానికి మనుషులు, దాచడానికి గోదాములు, మోయడానికి లారీలు కావాలి, మందులు రావాల్సిన దారిలో అవి అడ్డుపడతాయి. డబ్బైతే అక్కడ ఏది లేదో అది కొంటారు.

మూడో అడుగు
చిరుదివ్వె గారి మాటకు కొంత లొంగుతున్నాను. నా సూచన ఇది: ఏడాదికి ఎంత ఇవ్వగలరో మనసు నిమ్మళంగా ఉన్న రోజున కాగితం మీద రాసుకోండి. అందులో పదింట తొమ్మిది వంతులు ఎక్కడ ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయో చూసి ఆనాడే కేటాయించండి. మిగిలిన వంతు కడుపు తరుక్కుపోయిన రోజు కోసం ఉంచండి. షెరీ లాంటి పాప కనబడితే ఆ వంతులోంచి ఇవ్వండి, వరుస మాత్రం మార్చకండి.

చిరుదివ్వె
వాటా దగ్గర బేరం ఉంది గానీ, వరుస మార్చకూడదన్నది నేనూ ఒప్పుకుంటాను.

కొత్తమొలక
చివరిగా ఒకటి. కొందరికి ఇవేవీ అనిపించవు. మనిషి పక్కన ఏడుస్తున్నా లోపల ఏమీ కదలదు. అలాంటివాళ్లు దూరంగా ఉండటమే మంచిదా?

ఆలకింపు
అవసరం లేదండీ. శిక్షణకు వచ్చేవాళ్లలో అలాంటివాళ్లు ఉంటారు, వాళ్లలో కొందరు చాలా బాగా వింటారు. ఎదుటివాడి ఏడుపు తమలోకి రాదు కాబట్టి ఆపాలన్న తొందర ఉండదు, ఆ పది అంకెలూ నిదానంగా లెక్కపెట్టగలరు. లేని బాధ మొహం మీద తెచ్చుకోవద్దు, ఎదుటివాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. పక్కన కూర్చోండి. మంచినీళ్లు కావాలా అని అడగండి. సీసా మూత తీసి ఇవ్వండి, ఏడుస్తున్నవాళ్ల చేతులు వణుకుతుంటాయి, మూత రాదు.